లేసు పుస్తకం, మూడు సిస్టమ్‌లు: ప్రాజెక్టు డైరీ

ఏప్రిల్ మొదటి వారం

ఈ వేసవిలో చేతిలో ఉన్న పని రెండు ముక్కలు. నరసాపురం లేసు అల్లికల మీద 80 పేజీల రంగుల పుస్తకం ఒకటి. ఆ అల్లిక చేతిలో ఎలా పుడుతుందో చూపించే 12 నిమిషాల వీడియో రెండోది. ఈ పనులకి విండోస్, లైనక్స్, మాక్ అనే మూడు సిస్టమ్‌ల్లో (కంప్యూటర్‌ని నడిపించే మూల సాఫ్ట్‌వేర్) ఏది ఎక్కడ తగునో చూడటమే ఈ డైరీ. నరసాపురం లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అయినా మా చుట్టుపక్కల ఆడవాళ్లు అల్లే నమూనాల్లో చాలా వాటికి కాగితం మీద రూపమే లేదు. పెద్దవాళ్ల చేతిని చూసి చిన్నవాళ్లు పట్టుకోవడమే. ఆ చేతులు ఇప్పుడు తగ్గిపోతున్నాయి కాబట్టి ఈ పుస్తకం ఈ ఏడే బయటికి రావాలని నా పట్టుదల.

పాలకొల్లులో మా గదిలో ఇప్పటికి ఉన్నవి ఇవి. పనంతా మోసే అసెంబుల్డ్ సిస్టమ్: ఇంటెల్ ఐ5-13400, 32 జీబీ ర్యామ్, 12 జీబీ ఆర్‌టీఎక్స్ 3060 కార్డు, విండోస్ 11. దాంట్లోనే రెండో ఎస్సెస్డీ (వేగంగా పనిచేసే డిస్కు) మీద ఉబుంటు 24.04 అనే లైనక్స్ వేశాను, ఒకే యంత్రం మీద రెండు సిస్టమ్‌లని పోల్చితేనే న్యాయంగా ఉంటుందని. మూలన పాత నాలుగో తరం ఐ5 ఒకటి ఉంది. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం ప్రాసెసర్ అడుగుతారు, దీనికి రెండూ లేవు. విండోస్ 10కి సాధారణ సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది. అందుకని దీనిలో లైనక్స్ మింట్ వేశాను. ఇక హైదరాబాదు నుంచి సెలవులకి వచ్చిన మేనల్లుడు తన మాక్ మినీ తెచ్చాడు: ఎం4 చిప్, 16 జీబీ, 256 జీబీ. "అత్తా, వేసవి అయ్యేదాకా వాడుకో, ఏది బాగుందో నువ్వే చెప్పు" అన్నాడు.

మానిటర్ మాత్రం మూడింటికీ ఒక్కటే, 27 అంగుళాల ఐపీఎస్. తెర మారితే కన్ను తెరకే తీర్పు చెబుతుంది, సిస్టమ్‌కి కాదు.

ఏప్రిల్ రెండో వారం: అక్షరాలు

వేగం కొలిచే వీడియోలు ఎన్నైనా దొరుకుతాయి. నేను మొదట పెట్టిన పరీక్ష తెలుగు అక్షరానికి. ఒక పేరా తయారు చేసుకున్నాను. దాంట్లో స్త్రీ, లక్ష్మి, రాష్ట్రం, జ్యోత్స్న, ఉత్ప్రేక్ష, శాస్త్రజ్ఞుడు, వాటితోపాటు ఇంక్‌స్కేప్, సాఫ్ట్‌వేర్ లాంటి మాటలు. ఈ చివరి రకం ముఖ్యం. వీటిలో పొల్లు తర్వాత కంటికి కనిపించని ఒక విడదీసే కోడు ఉంటుంది. అది పోతే పొల్లు పోయి పక్క అక్షరం కిందికి దిగి ఒత్తయిపోతుంది. కాపీ, పేస్టు చేసినప్పుడు కొన్ని సాఫ్ట్‌వేర్లు దాన్ని మింగేస్తాయి.

మొదటి ఫలితం: అక్షరం చెదిరేది సిస్టమ్ వల్ల తక్కువ, సాఫ్ట్‌వేర్‌లో ఏ మీట నొక్కి ఉందన్నదాని వల్ల ఎక్కువ. పేజీలు పేర్చే ఇన్‌డిజైన్‌లో మామూలు పేరాగ్రాఫ్ కంపోజర్ (పంక్తులు కూర్చే పద్ధతి) ఉంటే ఒత్తులు పక్కపక్కన విడివిడిగా నిలబడతాయి. వరల్డ్-రెడీ కంపోజర్ ఎంచుకోగానే సర్దుకుంటాయి. విండోస్‌లోనూ మాక్‌లోనూ ఇదే కథ. గీతల బొమ్మలు గీసే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇంక్‌స్కేప్ మూడు చోట్లా తెలుగుని శుభ్రంగా చూపించింది. ఇన్‌డిజైన్ లాంటి పనే చేసే ఉచిత సాఫ్ట్‌వేర్ స్క్రైబస్ పాత వెర్షన్లలో తెలుగు కుదిరేది కాదు. 1.5.3 నుంచి అక్షరాలని కూర్చే యంత్రాంగం మారింది, 2024లో వచ్చిన 1.6 స్థిరమైన వెర్షన్. ఇప్పుడు దాంట్లో పుస్తకం చెయ్యొచ్చని ధైర్యంగా చెప్పగలను.

రెండోది ఫాంటు. విండోస్‌లో నిర్మల, గౌతమి ఉంటాయి, మాక్‌లో కోహినూర్ తెలుగు, లైనక్స్‌లో నోటో లేదా లోహిత్. ఫైలు తెరిచిన చోట ఫాంటు లేకపోతే సిస్టమ్ తనకు తోచింది పెట్టేస్తుంది. ప్రతి అక్షరం వెడల్పూ మారి, పంక్తులు విరిగే చోటు మారి, 80 పేజీల పుస్తకం 84 అవుతుంది. అందుకని వచనానికి మండలి, శీర్షికలకి రామభద్ర తీసుకున్నాను. రెండూ ఓపెన్ లైసెన్సు యూనికోడ్ ఫాంట్లు. అవే ఫైళ్లు మూడు సిస్టమ్‌ల్లోనూ పెట్టేశాను. ఇప్పుడు ఏ సిస్టమ్‌లో తెరిచినా పంక్తి అదే చోట విరుగుతోంది. ఈ ఒక్క పని చేసిన రోజు నుంచి "ఏ సిస్టమ్ మంచిది" అన్న ప్రశ్న సగం బరువు దిగిపోయింది.

లేసు వాళ్ల దగ్గర పాత వివరాలు కొన్ని పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో టైప్ చేసి ఉన్నాయి. ఆ పద్ధతిలో ఫైల్లో ఉన్నది తెలుగు కోడు కాదు, తెలుగు బొమ్మ తొడిగిన ఇంగ్లీషు కోడు. ఫాంటు లేని చోట తెరిస్తే గజిబిజి కనిపిస్తుంది. మా వైపు ఫ్లెక్సీ షాపులు, పెళ్లికార్డుల వాళ్లు ఇంకా దీని మీదే బతుకుతున్నారు, వాళ్ల చేతి వేగం చూస్తే ముచ్చటేస్తుంది. కానీ పదేళ్ల తర్వాత కూడా తెరుచుకోవాల్సిన పుస్తకానికి అది కుదరదు. కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి, మాటమాటకీ చూసుకున్నాను. మార్పిడిలో ఆ కనిపించని కోడు ఎక్కువగా రాలేదు, చేత్తో పెట్టాల్సి వచ్చింది.

ఇదే మానిటర్ మీద చిన్న అక్షరం మాక్‌లో కాస్త మసకగా ఉంటోంది. మాక్‌ఓఎస్ 2018లో వచ్చిన మొజావే నుంచి అక్షరాల అంచులని సబ్‌పిక్సెల్ పద్ధతిలో (తెర చుక్కలోని ఒక్కో రంగు ముక్కనీ విడిగా వాడి) నునుపు చెయ్యడం మానేసింది. సాంద్రత ఎక్కువున్న తెరల మీద తెలియదు, నిలువున 1440 చుక్కలే ఉన్న మాలాంటి తెర మీద తెలుస్తుంది. ఒత్తుల కింద ఒత్తులు ఉండే తెలుగుకి ఇది ఇంకా ఎక్కువ తెలుస్తుంది. ప్రూఫ్ చదివే పని విండోస్‌కే ఇచ్చాను.

ఏప్రిల్ చివర: గీతలు

అల్లికని గీసి చూపించడానికి ప్రపంచమంతా వాడే గుర్తులు ఉన్నాయి. గొలుసు కుట్టుకి సన్నటి కోడిగుడ్డు ఆకారం, జారుడు కుట్టుకి చుక్క, పొట్టి కుట్టుకి గుణకారం గుర్తు, నిలువు కుట్టుకి అడ్డగీత ఉన్న టీ ఆకారం. ఈ నాలుగైదు గుర్తులని ఇంక్‌స్కేప్‌లో ఒకసారి గీసి పెట్టుకుని, మిగతావన్నీ వాటి క్లోన్‌లుగా (అసలుకి ముడిపడి ఉండే నకళ్లుగా) పెట్టాను. అసలు గుర్తు మందం మారిస్తే వందల కుట్లు ఒకేసారి మారతాయి. గుండ్రటి పువ్వు నమూనాలకి రొటేట్ కాపీస్ అనే సౌకర్యం ఉంది. ఒక రేకు గీసి ఎనిమిది అని చెబితే చుట్టూ తిప్పి పెడుతుంది.

లేసు అల్లికలు తెలిసిన మా పెద్దమ్మ పక్కన కూర్చుంది. నేను ఒక రేకు గీయగానే "ఆగమ్మా, ఇక్కడ మూడు గొలుసులు కాదు, రెండే. మూడేస్తే అంచు లేస్తుంది" అంది. గుడ్డ మీద నేను లెక్కపెట్టినప్పుడు నాకు మూడే కనిపించాయి. మూడోది తర్వాతి వరస మొదలు. తెర మీద పెద్దగా చూసేసరికి ఆవిడకి క్షణంలో తెలిసిపోయింది. ఆ తర్వాత ప్రతి బొమ్మా ఆవిడ చూశాకే ఖాయం.

ఈ పని నాలుగో తరం పాత పెట్టె మీద లైనక్స్‌లో హాయిగా సాగింది. ఎస్సెస్డీ ఉంది, 16 జీబీ ర్యామ్ ఉంది, గీతల పనికి అంతకంటే అక్కర్లేదు. పెన్ టాబ్లెట్ గుచ్చగానే డ్రైవర్ అడగకుండా పలికింది. ఇంక్‌స్కేప్ దాచే ఎస్‌వీజీ ఫైలు లోపల ఉన్నది మామూలు రాత కాబట్టి మాక్‌లో తెరిచినా, విండోస్‌లో తెరిచినా ఒక్క కుట్టు కదల్లేదు. బొమ్మల పని కోసం కొత్త కంప్యూటర్ కొనాలనుకునేవాళ్లు ముందు ఇంట్లో మూలన పడేసిన పెట్టెకి ఒక ఎస్సెస్డీ పెట్టి చూడండి, గట్టిగా చెబుతున్నాను.

మే: వీడియో

ఇక్కడ మాత్రం తేడాలు నిజంగా పెద్దవి.

మా కెమెరా 4కే వీడియోని హెచ్.265 (బాగా కుదించి రాసే పద్ధతి), 10 బిట్ (ఎక్కువ ఛాయలు), 4:2:2 (ఎక్కువ రంగు వివరం) రకంలో రాస్తుంది. తెల్ల దారం మీద తెల్ల దారం, దాని మీద కిటికీ వెలుగు, ఆ మెల్లని ఛాయలు చెడకుండా ఉండాలంటే 10 బిట్ కావాలి. కానీ ఈ రకం ఫైలు విప్పడం అన్ని చిప్‌లకీ రాదు. ఎన్ని వేలు పోసి కొన్నా ఆర్‌టీఎక్స్ 3060కి హెచ్.265లో 4:2:2 విప్పే సర్క్యూటు లేదు. ఎన్విడియాలో అది 50 సిరీస్‌తోనే వచ్చింది. ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో 11వ తరం నుంచి లోపలి గ్రాఫిక్స్‌కి ఉంది. అంటే నా సిస్టమ్‌లో ఖరీదైన కార్డు చేతులెత్తేసిన చోట ప్రాసెసర్‌లో ఉచితంగా వచ్చిన బుల్లి గ్రాఫిక్స్ పని చేస్తుంది. అసెంబుల్ చేయించుకునేవాళ్లకి ఒక మాట: పేరు చివర ఎఫ్ అక్షరం ఉన్న ప్రాసెసర్ కాస్త చవక, కానీ దాంట్లో ఈ గ్రాఫిక్స్ పని చెయ్యదు. ఎడిటింగ్‌కి అది తీసుకోవద్దు. ఇంకోటి, గ్రాఫిక్స్ కార్డు పెట్టగానే చాలా మదర్‌బోర్డులు లోపలి గ్రాఫిక్స్‌ని ఆపేస్తాయి. బయాస్‌లోకి (కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు తెరిచే సెట్టింగులు) వెళ్లి మళ్లీ ఆన్ చెయ్యాలి.

వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ డావిన్చీ రిజాల్వ్‌కి డబ్బు పెట్టే వెర్షన్, స్టూడియో లైసెన్సు మునుపే కొన్నది ఉంది. ఒక కీ ఒకేసారి రెండు యంత్రాల మీద పని చేస్తుంది. విండోస్‌కి ఒకటి, మాక్‌కి ఒకటి ఇచ్చాను. మాక్ మినీలో టైమ్‌లైన్ నీళ్లలా సాగింది. వేలితో వెనక్కీ ముందుకీ లాగినా ఎక్కడా తడబడలేదు, ఫ్యాన్ ఉందో లేదో తెలియలేదు. ఎం4లో వీడియో విప్పే భాగం ఈ రకం ఫైళ్లని సొంతంగా చూసుకుంటుంది. విండోస్‌లో లోపలి గ్రాఫిక్స్ ఆన్ చేశాక ఇంచుమించు అంతే సుఖం. చీకటిగా ఉన్న నడవలో తీసిన షాట్లకి నాయిస్ (చీకట్లో కనిపించే గరుకు చుక్కలు) తగ్గించే పని పెట్టినప్పుడు మాత్రం బరువు గ్రాఫిక్స్ మీద పడింది, అక్కడ 3060 మాక్‌ని స్పష్టంగా దాటేసింది. మాక్‌లో 16 జీబీని సిస్టమూ గ్రాఫిక్సూ పంచుకోవాలి. ఆ ర్యామ్ తర్వాత పెంచుకునే వీలు లేదు, కొన్న రోజు ఎంతో అంతే.

లైనక్స్‌లో రిజాల్వ్ ఉచిత వెర్షన్ హెచ్.264, హెచ్.265 ఫైళ్లని తెరవదు. ముందు ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే మార్పిడి సాఫ్ట్‌వేర్‌తో డీఎన్‌ఎక్స్‌హెచ్‌ఆర్ అనే ఎడిటింగ్ రకంలోకి మార్చుకోవాలి. మార్చడం ఒక్క లైను ఆదేశం, తేలికే. పరిమాణమే గుండె దడ. సెకనుకి 100 మెగాబిట్‌ల కెమెరా ఫైలు నిమిషానికి 750 ఎంబీ ఉంటే, మార్చింది 5 జీబీ దాటింది. ఇళ్లలో గంటల తరబడి తీసిన వీడియోకి ఇంత చోటు పెట్టలేను. కేడెన్‌లైవ్ అనే ఉచిత ఎడిటర్ అయితే లైనక్స్‌లో అదే ఫైలుని నేరుగా తెరిచింది, ప్రాక్సీలు (ఎడిటింగ్ కోసం తేలికపాటి నకళ్లు) తనే చేసుకుంది. మాటలు కోసి వరస పేర్చడం వరకూ అది చక్కగా సరిపోతుంది. రంగుల పని నాకు రిజాల్వ్‌లోనే కావాలి, అందుకని ఆ దారిలో ఇంక ముందుకెళ్లలేదు.

వీడియోలో వచ్చే తెలుగు పేర్లు, శీర్షికలు ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో టైప్ చెయ్యలేదు. ఇంక్‌స్కేప్‌లో చేసి, వెనక పారదర్శకంగా ఉండే పీఎన్‌జీగా తెచ్చాను. ఏ సిస్టమ్‌లో రెండర్ చేసినా అక్షరం అక్షరంగానే ఉంటుంది.

మే చివర: కరెంటు, ఉప్పుగాలి

సమీక్షల్లో ఎవరూ రాయని విషయం ఇదే, మా వైపు అసలు లెక్క తేల్చేదీ ఇదే. చీకటి పడ్డాక చెరువుల్లో ఆక్సిజన్ పడిపోతుంది, రొయ్యల కోసం రాత్రంతా ఏరేటర్లు (నీళ్లలోకి గాలి కలిపే మోటార్లు) తిరుగుతాయి. ఆ వేళకి లైటు కాంతిలోనే వోల్టేజీ తెలుస్తుంది. ఎండ మండిన రోజైతే కరెంటు పోతూ వస్తూ ఉంటుంది.

13400 ప్రాసెసర్ పూర్తి బలంతో 148 వాట్లదాకా లాగగలదు, 3060 కార్డు రేటింగు 170 వాట్లు. రెండర్ నడుస్తుండగా కరెంటు పోతే చిన్న యూపీఎస్ సేవ్ చేసుకునే వ్యవధి ఇస్తుంది, అంతే. మాక్ మినీ ఎం4 గరిష్ఠంగా 65 వాట్లు, ఊరికే ఉంటే 4 వాట్లు. అదే యూపీఎస్ మీద మాక్, మానిటర్ పెట్టి, కోత ఉన్న సాయంత్రం పని ఆపకుండా చేసుకున్నాను. ధర చూసేటప్పుడు ఇది కూడా కలపండి: 2024లో విడుదలైనప్పుడు మాక్ మినీ మొదటి ధర 59,900 రూపాయలు. పెద్ద సిస్టమ్ కొంటే దానికి తగ్గ యూపీఎస్ ఖర్చు వేరే ఉంటుంది. ఇంటి ఇన్వర్టర్ మీద నడిపేవాళ్లు అది ప్యూర్ సైన్ వేవ్ (లైను కరెంటులాగే నునుపైన అల) రకమేనా అని అడిగి తీసుకోవాలి, స్క్వేర్ వేవ్ మీద కొన్ని మంచి ఎస్‌ఎంపీఎస్‌లు (కంప్యూటర్‌కి కరెంటు అందించే భాగం) నిలబడవు.

మూడు సిస్టమ్‌ల మధ్య ఫైళ్లు మోయడానికి అందరూ చెప్పేది ఎక్స్‌ఫ్యాట్ అనే డిస్కు ఫార్మాట్. నిజమే, మూడూ రాయగలవు, చదవగలవు. కానీ దాంట్లో జర్నల్ (చేస్తున్న మార్పులని ముందే రాసుకునే చిట్టా) ఉండదు. రాస్తుండగా కరెంటు పోతే ఫైళ్ల పట్టికే చెడే ప్రమాదం ఉంది. అందుకని ఎక్స్‌ఫ్యాట్ డిస్కు మోతకి మాత్రమే. అసలు ఫైళ్లు విండోస్‌లో ఎన్‌టీఎఫ్‌ఎస్ మీద, వాటి నకలు పాత లైనక్స్ పెట్టెలో ఈఎక్స్‌టీ4 మీద. రెండూ జర్నల్ ఉన్న ఫార్మాట్లు. మూడో నకలు వేరే ఇంట్లో, మా అన్నయ్య బీరువాలో. మేనల్లుడి మాక్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌ని చదువుతుంది గానీ రాయదు, దానికోసం నెట్‌వర్క్ మీద పాత పెట్టె నుంచి షేర్ చేశాను.

ఇక తేమ. గోదావరి పాయ వశిష్ఠ మీదుగా వచ్చే గాలిలో ఉప్పుంటుంది. ర్యామ్ కాళ్లు నల్లబడితే సిస్టమ్ బీప్ కొట్టి ఊరుకుంటుంది. తీసి మెత్తటి రబ్బరుతో తుడిచి పెడితే లేస్తుంది, మా వైపు ప్రతి మెకానిక్‌కీ తెలిసిన వైద్యం. విప్పడానికి వీలున్న పెట్టెకి ఇక్కడ ఉన్న విలువ అది. లెన్సులు సిలికా జెల్ వేసిన గాలి చొరని డబ్బాలో, తేమ 40, 50 శాతం మధ్య చూపించే మీటర్‌తో ఉంచుతున్నాను. బూజు లెన్సు లోపలికి దిగితే ఏ సాఫ్ట్‌వేరూ తీయలేదు.

జూన్: రంగు, ప్రెస్సు

లేసుని ముదురు నీలం గుడ్డ మీద పరిచి, పక్క నుంచి వెలుగు పెట్టి తీశాం. రంగు కొలిచే పరికరంతో మానిటర్‌ని మూడు సిస్టమ్‌ల్లోనూ సరిచేశాను. ఆర్గిల్ అనే ఓపెన్ సాఫ్ట్‌వేర్ మూడింటిలోనూ ఉంది. సరిచేశాక తెలుపు మూడు చోట్లా ఒకేలా కనిపించింది. మాక్ రంగులు పుట్టుకతోనే సరైనవి అనే మాట మానిటర్ గురించి చెప్పాల్సింది, సిస్టమ్ గురించి కాదు.

రాజమండ్రి ప్రెస్సు అడిగింది పీడీఎఫ్/ఎక్స్-1ఏ, అచ్చు కోసం నిర్ణయించిన పీడీఎఫ్ రకం. స్క్రైబస్ నేరుగా ఇస్తుంది. ఇక్కడ ఒక్క జాగ్రత్త, అక్షరాల నలుపు. తెర రంగుల పద్ధతి ఆర్‌జీబీలోని నలుపుని అచ్చు సిరాల పద్ధతి సీఎంవైకేలోకి మారిస్తే నాలుగు సిరాల మిశ్రమం అవుతుంది. ఆఫ్‌సెట్‌లో ప్లేటు వెంట్రుకవాసి జరిగినా వట్రసుడి, రావత్తు లాంటి సన్నటి భాగాల పక్కన రంగుల నీడలు వస్తాయి. అక్షరం మొత్తం నల్ల సిరా ఒక్కటితోనే ఉండాలి. ఇంక్‌స్కేప్ పీడీఎఫ్ ఆర్‌జీబీలోనే వస్తుంది కాబట్టి కుట్ల బొమ్మలని స్క్రైబస్‌లోకి తెచ్చి, అక్కడ నలుపుని మార్చాను. ప్రెస్సులో ప్రూఫ్ మీద భూతద్దం పెట్టి చూసిన ఆయన "అక్షరాలు శుభ్రంగా పడ్డాయండి, ఎందులో చేశారండి?" అని అడిగారు. స్క్రైబస్ అంటే పేరు రెండుసార్లు చెప్పించుకుని రాసుకున్నారు.

ఫొటోల్లో ఒకటి రెండు చోట్ల లేసు తెలుపు కాగితం తెలుపులో కలిసిపోయింది. ఆ ఫొటోల్లో వెలుగు ఉన్న చోట సిరా చుక్క కొద్దిగా పడేలా తెలుపు తగ్గించి మళ్లీ పంపాలి. ఫొటోలు దిద్దే ఉచిత సాఫ్ట్‌వేర్ గింప్ 3.0లో ప్రెస్సు ప్రొఫైల్ (ఆ ప్రెస్సు రంగుల లెక్క) పెట్టి ముందే చూసుకోవచ్చు, కానీ ఫైలుని సీఎంవైకేలో దిద్దాలంటే ఇంకో ఉచిత సాఫ్ట్‌వేర్ క్రిటా గానీ ఫొటోషాప్ గానీ కావాలి. ఫొటోషాప్ నాకు విండోస్‌లో ఉంది, అక్కడే దిద్దుతున్నాను.

జులై మొదటి వారం

మాక్ మినీ మేనల్లుడితో హైదరాబాదు వెళ్లిపోయింది. వాడికి చెప్పింది ఇది: వీడియోనే బతుకుతెరువు అయితే, కరెంటు నమ్మకం లేని ఊళ్లో కూర్చునేవాళ్లకి నేను ఇదే కొనమంటాను, బయట పెట్టుకునే ఎస్సెస్డీ డబ్బు కూడా కలుపుకుని. పుస్తకాలు, బొమ్మలు, పెళ్లి ఆల్బమ్‌లు అయితే అక్కర్లేదు. నా విండోస్ పెట్టె ఉంటుంది. ఉబుంటు ఉన్న ఎస్సెస్డీని రిజాల్వ్ క్యాష్‌కి (తాత్కాలిక ఫైళ్లకి) ఇచ్చేశాను. పాత పెట్టె లైనక్స్‌తో గీతలకీ నకళ్లకీ ఉంటుంది.

మిగిలింది లేసు వాళ్ల గదిలో పెట్టాల్సిన కంప్యూటర్. పుస్తకంలో చేరని నమూనాలు ఇంకా చాలా ఉన్నాయి, వాటిని పెద్దమ్మ మనవరాలు గీస్తానంది. ఆ అమ్మాయికి లైనక్స్ నేర్పడం నాకు కష్టం కాదు. కానీ నేను లేని రోజు పెట్టె మొరాయిస్తే వాళ్ల వీధి చివర డీటీపీ షాపు అబ్బాయి వచ్చి చూడాలి, అతనికి చెయ్యి తిరిగింది విండోస్‌లో. ఎనిమిదో తరం ఐ5, 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్సెస్డీ ఉన్న పాత ఆఫీసు డెస్క్‌టాప్ ఒకటి కొని, విండోస్ 11, ఇంక్‌స్కేప్, స్క్రైబస్, అవే రెండు ఫాంట్లు వేసి ఇచ్చాం. కీబోర్డుకి ఇన్‌స్క్రిప్ట్ (భారతీయ భాషల ప్రామాణిక కీల అమరిక) పెట్టాను, రేపు సిస్టమ్ మారినా వేళ్లు మారక్కర్లేదని.

నిన్న ఆ అమ్మాయి మొదటి నమూనా పంపింది, నెమలి అంచు. "పిన్నీ, అమ్మమ్మ చూసింది, గొలుసులు సరిపోయాయంది. నువ్వు కూడా లెక్కపెట్టు" అని రాసింది. ఫైలు లైనక్స్ పెట్టెలో తెరిచాను, క్లోన్‌లన్నీ అలాగే ఉన్నాయి. ఒక వరసలో నిలువు కుట్టు గుర్తుకి అడ్డగీత మరిచిపోయింది, ఫోన్ చేసి చెప్పాను. రెండో ప్రూఫ్ శుక్రవారం వస్తుందన్నారు. ఈ నెమలి అంచుకి 78వ పేజీలో చోటు చేస్తున్నాను.